అలుగు లేని చెరువులు

సూర్యాపేట జిల్లాలో, కోదాడ పట్టణమునకు సమీపమున అనంతగిరి కలదు. వరిపైరునకు పేరు గన్న సీమ అది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతములలోని పొలములకు నేడు నాగార్జునసాగరు ఎడమ కాలువ ప్రాణాధారము. సాగరు కాలువలకు 1967వ సంవత్సరమున నీరు విడిచిరి. అంతకు ముందు వందలాది సంవత్సరములు ఆ పల్లెలు చెరువులను నమ్ముకొని బ్రదికినవి. కాకతీయ రాజులును, వారి సామంతులును చెరువు త్రవ్వించుటను గుడి కట్టించుటతో సమానమైన పుణ్యకార్యముగా భావించిరి.

చెరువు కట్టించువాడు మొదట నీరు నిలుచుటను గూర్చి ఆలోచించును. ఆ వెంటనే నీరు పోవుటను గూర్చి ఆలోచించును. అందుచేతనే చెరువునకు కట్ట, తూము, అలుగు అను మూడు ముఖ్యాంగము లేర్పడినవి. కట్ట నీటిని ఆపును. తూము నీటిని పొలమునకు పంపును. అలుగు మాత్రము సంవత్సరములో ఎక్కువ దినములు పనిలేక ఊరకయే పడియుండును. కొన్ని తావుల దీనినే మత్తడి అందురు. కట్టకన్న కొంచెము తక్కువ యెత్తున రాతితో దీనిని నిర్మింతురు. చెరువులోని నీరు ఆ యెత్తునకు రాగానే, ఎవరి యాజ్ఞకును వేచియుండక, దానిమీదుగా పొర్లి వాగులోనికి పోవును. అలుగు లేని చెరువునకు ఒక పెద్ద వాన చాలును. నీరు కట్ట నెక్కి, మట్టిని కోసి, తెల్లవారునప్పటికి ఊరిమీద పడును.

అయినను మన పెద్దలు అలుగునొక్కదానినే నమ్మి నిదురపోలేదు. ప్రతి చెరువునకును ఒక నీరటిని నియమించిరి. వానకాలపు రాత్రులలో గొంగడి కప్పుకొని కట్టవెంట తిరుగుట, నీరు ఏ రాతివరకు వచ్చినదో గుర్తుపట్టుట, కట్ట చెమర్చుచున్నదేమో పరికించుట, అపాయము తోచినంతనే ఊరిని మేలుకొలుపుట వాని విధులు. ఇట్లు పూర్వులు నీటిని కొలుచుట, మితిమీరిన నీటికి దారి చూపుట, అపాయమును ముందుగా చాటుట అను మూడు పనులను వేరువేరుగా ఏర్పరచిరి. ఒకటి తప్పినను మరియొకటి కాపాడునని వారి యెఱుక.

నాగార్జునసాగరు వంటి మహానిర్మాణమునకును ఇదియే సూత్రము. ఆ జలాశయపు పూర్ణమట్టము 590 అడుగులు. మితిమీరిన వరదనీటిని క్రిందికి విడుచుటకు 26 ద్వారములు కలవు. వానకాలమున సాగరు మట్టము ఎన్ని అడుగులకు చేరినదో పత్రికలు ప్రతిదినమును ప్రకటించును. మట్టము పెరిగినదని చదివిన రైతు సంతోషించును. ఆ వార్తనే చదివిన ఇంజనీరు జాగరూకు డగును. ఇరువురిదియు న్యాయమే.

మితిమీరిన నీటి బలమెట్టిదో ఆ సీమ ప్రజలు ఇటీవలనే చవిచూచిరి. 2024వ సంవత్సరము ఆగస్టు నెల చివర, సెప్టెంబరు మొదటి తేదీన కురిసిన కుంభవృష్టికి కోదాడ పట్టణము జలమయ మాయెను. నడిగూడెము మండలమందలి కాగిత రామచంద్రాపురము కడ సాగరు ఎడమ కాలువకు గండి పడెను. పైరునకు ప్రాణమిచ్చిన నీరే పైరును ముంచెను.

ఈ కాలమున పల్లెలందే గాక కర్మాగారములందును చెరువులు వెలసినవి. అవి మట్టికట్ట చెరువులు కావు, ఇనుపరేకు చెరువులు. వానిని ట్యాంకు లందురు. హైదరాబాదునుండి కోదాడమీదుగా విజయవాడకు పోవు రహదారి ప్రక్కనున్న ప్రతి పెట్రోలు బంకు క్రిందను, భూమిలో పాతిన ట్యాంకులు కలవు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. బియ్యము మరపట్టగా వచ్చు తవుడునుండి నూనె తీయుదురు. ఆ నూనెకును, దానిని తీయుటకు వాడు హెక్సేను అను ద్రవమునకును ట్యాంకులు కావలయును. రేవు పట్టణములందును, చమురు శుద్ధి చేయు కర్మాగారములందును ఉండునవి మరింత పెద్దవి. అట్టి పెద్ద ట్యాంకు ఒకటి 60 లక్షల లీటర్ల పెట్రోలును పట్టును. పండ్రెండువేల లీటర్ల లారీలు 500 వచ్చి క్రుమ్మరించినగాని అది నిండదు.

ఇన్ని గుణములు చెరువును పోలియున్నను ఈ ట్యాంకులకు ఒక్క లోపము కలదు. వీనికి అలుగు లేదు. ఉండుటకు వీలు లేదు. చెరువు నీరు పొర్లినచో వాగులో కలియును. పెట్రోలు పొర్లినచో ఏ వాగులో కలుపవలెను? ట్యాంకు చుట్టును గోడవలె ఒక గట్టు కట్టుదురు. పొర్లిన ద్రవము ఆ గట్టులోపల నిలుచును, నిజమే. కాని పెట్రోలు నిలిచి యూరకుండునది కాదు. ట్యాంకు పైనుండి జలపాతమువలె దుముకునప్పుడు అది చిన్నచిన్న తుంపరలై గాలితో కలియును. వెంటనే ఆవిరి పుట్టును. ఆ యావిరి గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువైనది. కావున పైకి పోక, నేలనంటి మంచువలె ప్రాకును. గట్టు ద్రవమును ఆపగలదు గాని ఆవిరిని ఆపలేదు. ప్రాకి ప్రాకి ఎక్కడనో ఒక మోటారు బండియొక్కయో, విద్యుద్యంత్రము యొక్కయో చిన్న నిప్పురవ్వను చేరినచో ఆ మేఘమంతయు ఒక్కమారుగా మండి ప్రేలును.

కావున ట్యాంకును పొర్లనీయకుండుటయే ఏకైక రక్షణ. అందులకు మొదటి నియమము, ట్యాంకును ఎన్నడును అంచువరకు నింపకుండుట. దీనికి మరియొక కారణము కూడ కలదు. ద్రవములు వేడికి వ్యాకోచించును. పెట్రోలు ఒక్కొక్క డిగ్రీ వేడిమికి సుమారు వేయింట ఒక వంతు పెరుగును. తెల్లవారుజామున 60 లక్షల లీటర్లున్న పెట్రోలు 10 డిగ్రీలు వేడెక్కినచో, ఒక్క బొట్టయినను క్రొత్తగా పోయకయే, సుమారు 60 వేల లీటర్లు పెరుగును. మన యెండల తీవ్రత నెఱిగినవారికి ఈ లెక్కలోని హెచ్చరిక వేరుగా చెప్పనక్కరలేదు.

మూతవేసిన ఇనుప ట్యాంకులోపల ద్రవమెంత యున్నదో తెలిసికొనుట ఎట్లు? అన్నిటికన్న పాత పద్ధతి కోలతో ముంచి చూచుట. పెట్రోలు బంకులో గీతలు గల పొడుగుపాటి కోలను ట్యాంకులోనికి దింపి, పైకి తీసి, ఎంతవరకు తడిసినదో చూచుట చాలమంది యెఱిగినదే. పెద్ద ట్యాంకులకు కోలకు బదులు ఉక్కుపట్టీని వాడుదురు. దాని కొసను ఇత్తడి గుండు కట్టియుండును. ఇత్తడి తగిలినప్పుడు ఇనుమువలె నిప్పురవ్వలు రాల్చదు. పట్టీకి ఒక విధమైన లేపనము పూయుదురు. పెట్రోలు తగిలినంతవరకు దాని రంగు మారును. ఈ కొలత నమ్మదగినదే. కాని రాత్రియనక, వానయనక ఒక మనుష్యుడు ట్యాంకు పైకెక్కి, విషవాయువులను పీల్చుచు కొలువవలెను. కొలిచిన మరుక్షణమున మట్టము మారిపోవును.

రెండవది బూరను తేలవేయు పద్ధతి. మిద్దెమీది నీళ్ళ ట్యాంకులో గొట్టము కొసను ఒక బోలు బంతి తేలుచుండును. నీటితోపాటు అది పైకి లేచి, నిండినంతనే గొట్టమును మూయును. ఇదే సూత్రముపై పెద్ద ట్యాంకులో ద్రవముపై నొక తేలుడు పరికరమునుంచి, దానికి కట్టిన తీగ కదలికను బట్టి మట్టమును వెలుపల చూపుదురు. ఇది సులభమైనది. కాని తీగ చిక్కుకొనినను, బూర ఒక ప్రక్కకు ఒరిగి పట్టుకొనినను సూచిక కదలక నిలిచిపోవును.

మూడవది పీడనమును కొలుచు పద్ధతి. ద్రవము లోతు పెరిగినకొలది అడుగున పీడనము పెరుగునని విద్యార్థులు సామాన్యశాస్త్రమున చదివియున్నారు. పది మీటర్ల లోతు నీరు ఒక చదరపు సెంటీమీటరుమీద సుమారు ఒక కిలోగ్రాము బరువు మోపును. అడుగుననున్న పీడనమును బట్టి లోతును లెక్కకట్టవచ్చును. కాని ద్రవముయొక్క సాంద్రత సరిగా తెలిసియుండవలెను. పెట్రోలు నీటిలో సుమారు ముప్పాతిక వంతు బరువు గలది. నీటికై సవరించిన యంత్రమును పెట్రోలు ట్యాంకునకు తగిలించినచో, పది మీటర్లు నిండినను అది ఏడున్నర మీటర్లే చూపును. యంత్రమునందు లోపము లేదు. దానిని అమర్చిన మనుష్యునియందు కలదు.

నాలుగవది రాడారు పద్ధతి. ట్యాంకు కప్పునుండి క్రిందికి విద్యుదయస్కాంత తరంగములను పంపుదురు. అవి ద్రవపు పైభాగమును తాకి తిరిగివచ్చును. పోయి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరమును గణింతురు. ద్రవము నంటకయే కొలుచుట దీని విశేషము. ఎంత సూక్ష్మమైన యంత్రమైనను అప్పుడప్పుడు ఉక్కుపట్టీతో కొలిచి దాని మాట నిజమా కాదా యని పోల్చి చూడవలసినదే.

కొలత తెలిసినంత మాత్రమున పని తీరదు. తగిన సమయమునకు హెచ్చరిక మ్రోగవలెను. అందులకై ట్యాంకునందు కొన్ని మట్టములను నిర్ణయింతురు. మొదటిది సాధారణముగా నింపదగిన మట్టము. దానికి పైన హెచ్చుమట్టము; ద్రవము అచ్చటికి చేరినచో గంట మ్రోగును. దానికిని పైన అతిహెచ్చుమట్టము; అచ్చటికి చేరినచో, మనుష్యుల ప్రమేయము లేకయే, లోనికి వచ్చు గొట్టపు కవాటము మూతపడవలెను.

ఈ మట్టములను ఎచ్చట నుంచవలెనన్నది ఊహతో నిర్ణయించునది కాదు, లెక్కతో నిర్ణయించునది. గంటకు 9 లక్షల లీటర్ల పెట్రోలు ట్యాంకులోనికి వచ్చుచున్నదనుకొందము. అనగా నిమిషమునకు 15 వేల లీటర్లు. గంట మ్రోగిన పిమ్మట పనివాడు దానిని విని, ఏ ట్యాంకో తెలిసికొని, కవాటమును మూయించుటకు 10 నిమిషములు పట్టునని తలతము. ఆ పది నిమిషములలో లక్షా యేబదివేల లీటర్లు లోనికి వచ్చిపడును. కావున ట్యాంకు పొర్లుటకు ఇంకను అంతకన్న ఎక్కువ చోటు మిగిలియుండగనే గంట మ్రోగవలెను. హెచ్చరిక యనగా అపాయము వచ్చినదని చెప్పుట కాదు. అపాయమును తప్పించుటకు చాలినంత కాలము నిచ్చుట.

ఇంకొక నియమము కలదు. అతిహెచ్చుమట్టమున మ్రోగవలసిన గంట, మామూలు కొలతయంత్రముపై ఆధారపడి యుండరాదు. దానికి వేరు కన్ను, వేరు తీగ ఉండవలెను. ఒకే కంటికి రెండు పేర్లు పెట్టినంత మాత్రమున రెండు కన్నులు కాజాలవు. కొలతయంత్రము చెడినప్పుడు దానిని నమ్ముకొన్న గంట కూడ దానితోపాటే మూగదగును. ఈ నియమపు విలువ యెంతటిదో 2005వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున జరిగిన ఒక ప్రమాదము వలన లోకమునకు తెలియవచ్చెను.

లండను నగరమునకు ఉత్తరమున బన్స్‌ఫీల్డు అను తావున పెద్ద చమురు నిలువకేంద్ర ముండెను. 2005 డిసెంబరు 10వ తేదీ సాయంకాలమున అచ్చటి 912వ నంబరు ట్యాంకులోనికి దూరపు గొట్టపు మార్గమున పెట్రోలు రాసాగెను. రాత్రి గడిచెను. తెల్లవారుజామున సుమారు 3 గంటలకు మట్టమును చూపు సూచిక ట్యాంకు మూడింట రెండు వంతులు నిండినట్లు చూపి, అక్కడనే నిలిచిపోయెను. పెట్రోలు మాత్రము నిలువలేదు, వచ్చుచునే యుండెను. ఆ కేంద్రమున హెచ్చుమట్టపు గంటలు లేకపోలేదు. కాని అవి ఆ సూచికను నమ్ముకొన్నవే. సూచిక ‘ఇంకను చోటున్న’దని చెప్పుచుండగా గంట లెందులకు మ్రోగును?

అతిహెచ్చుమట్టమునకు వేరొక స్వతంత్రమైన మీట కూడ అమర్చబడియుండెను. మొదటి కన్ను మూతపడినను ఆ రెండవ కన్ను కాపాడవలసినది. దానిని పరీక్షించుటకు ఒక చిన్న పిడి యుండెను. పరీక్ష ముగిసిన పిమ్మట ఆ పిడి సరియైన స్థానమున నిలుచుటకు ఒక తాళము వేయవలెను. ఆ తాళము దొంగల భయముచే వేయునది కాదు. అది మీటయొక్క పనికే అవసరము. ఈ సంగతి అచ్చటివారికి తెలియదు. తాళము వేయలేదు. మీట పనిచేయలేదు.

సుమారు ఐదున్నర గంటలకు పెట్రోలు ట్యాంకు కప్పునుండి పొర్లి దుమికెను. రెండున్నర లక్షల లీటర్లకు పైగా పొర్లెను. తెల్లని పొగమంచువంటి ఆవిరిమేఘము నేలవెంట ప్రాకి చుట్టుప్రక్కల నావరించెను. 11వ తేదీ ఉదయము 6 గంటల 1 నిమిషమునకు అది ప్రేలెను. ఇరువదికి పైగా ట్యాంకులు అంటుకొనెను. దినముల తరబడి మంట లారలేదు. 43 మంది గాయపడిరి. ఆ దినము ఆదివార మగుటచేత, తెల్లవారని వేళ యగుటచేత, ప్రక్కనున్న కార్యాలయములలో జనము లేరు; అందుచే ప్రాణనష్టము కలుగలేదు. అదృష్టమును రక్షణోపాయముగా లెక్కింపరాదు.

విచారణలో మరియొక సంగతి బయటపడెను. ఆ సూచిక నిలిచిపోవుట అదే మొదటిమారు కాదు. ఆగస్టు చివరినుండి డిసెంబరువరకు గల మూడు నెలలకు పైబడిన కాలములో అది 14 సార్లు అట్లే నిలిచెను. నిలిచినప్పుడెల్ల దానిని కదలించి సరిచేయుచు వచ్చిరి. ఎందుకు నిలుచుచున్నదో మాత్రము తేల్చలేదు. కట్టమీద చెమ్మను పదునాలుగు మారులు చూచి, పదునాలుగు మారులు మన్ను పూసి ఇంటికి పోయిన నీరటివలె వారు ప్రవర్తించిరి.

ఇది ఎక్కడనో పరదేశమున జరిగినదని తలచి ఊరకుండుటకు వీలులేదు. 2009 అక్టోబరులో జయపురము నందలి పెట్రోలు నిలువకేంద్రమున కవాటమునుండి పెట్రోలు కారి, ఆవిరిమేఘము ప్రేలి పలువురు మరణించిరి. మన తెలుగునాటనే, విశాఖపట్టణమున 2020వ సంవత్సరమున జరిగిన దుర్ఘటన మరింత దుఃఖకరమైనది. అచ్చట మితిమీరినది ద్రవపు మట్టము కాదు, ద్రవపు వేడిమి. కాని అది నేర్పిన పాఠ మొక్కటియే.

విశాఖపట్టణమునందలి గోపాలపట్టణమునకు చేరువ ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ అను ప్లాస్టికు కర్మాగార ముండెను. అందు స్టైరీను అను ద్రవమును పెద్ద ట్యాంకులలో నిలువచేసిరి. స్టైరీను అణువులు తమంత తామే గొలుసులుగా పెనవేసికొను స్వభావము గలవి. అట్లు పెనవేసికొనునప్పుడు వేడి పుట్టును. ఆ వేడికి పెనవేత మరింత త్వరితమగును. కావుననే స్టైరీనును ఎల్లప్పుడును చల్లగా నుంచి, పెనవేతను నిరోధించు రసాయనమును కలుపుచుండవలెను. ఆ సంవత్సరము మార్చి నెలాఖరున, కరోనా వ్యాధి కారణముగా దేశమంతట పనులు స్తంభించెను. ట్యాంకులోని ద్రవము కదలక మెదలక వారముల తరబడి నిలిచియుండెను.

ఆ ట్యాంకునకు ఉష్ణమాపకము లేకపోలేదు. కాని అది అడుగుభాగముననే యుండెను. చల్లని ద్రవము బరువై అడుగున నుండును. వేడి ద్రవము తేలికయై పైకి చేరును. నడుమ, పైభాగమునందు ఎంత వేడి యున్నదో చెప్పు సాధనము లేదు. అడుగున నున్న మాపకము అబద్ధమాడలేదు. తాను చూచినది తాను చెప్పెను. చూడవలసిన చోట చూచువాడు లేడు. మే 7వ తేదీన, తెల్లవారుజామున, ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి నిదురించుచున్న గ్రామముపై వ్యాపించెను. ప్రజలు ఘాటైన వాసనకు మేల్కొని వీథులలోనికి పరుగెత్తిరి. పలువురు దారిలోనే సొమ్మసిల్లి పడిరి. పండ్రెండుగురు మరణించిరి. వందలాది మంది ఆసుపత్రుల పాలైరి. మూగజీవములు కట్టుకొయ్యల కడనే ప్రాణములు విడిచెను.

రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము ఆ సంవత్సరము జూలైలో తన నివేదిక నిచ్చెను. అందు పేర్కొన్న అంశములలో ఒకటి ప్రత్యేకముగా మనస్సును కలచివేయును. ఆ కర్మాగారమున 36 చోట్ల అపాయసూచక ధ్వని చేయుటకు ఏర్పాటు లుండెను. ఆ రాత్రి వానిలో ఒక్కటియు ఉపయోగింపబడలేదు. గంట యుండెను, గంట కొట్టు చేయి లేకపోయెను. ఊరిని మేలుకొలుపవలసినది గంట గాని, విషవాయువు కాదు గదా!

ఈ రెండు దుర్ఘటనలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించినచో కొన్ని సత్యములు స్పష్టమగును. కొలతయంత్రము చెప్పుమాటను అప్పుడప్పుడు మరియొక విధముగా పరీక్షింపవలెను. గంటలకొలది పెట్రోలు లోనికి వచ్చుచుండగా సూచిక కదలకున్నచో, ‘బాగుగనే యున్నది’ అనుకొనక, ‘ఏల కదలుట లేదు?’ అని ప్రశ్నింపవలెను. నిశ్చలత యెల్లప్పుడు క్షేమచిహ్నము కాదు. రెండవ రక్షణ మొదటిదానికి స్వతంత్రముగా నుండవలెను. దానిని నియమిత కాలములందు పరీక్షింపవలెను. పరీక్షించువానికి దాని మర్మము తెలిసియుండవలెను. రాత్రి పనివారు ప్రొద్దుటి పనివారికి పని నప్పగించునప్పుడు, యే ట్యాంకు నిండుచున్నదో, యే సూచిక మొరాయించుచున్నదో వ్రాసి చెప్పవలెను. ప్రక్క గ్రామమువారికి, గంట మ్రోగినచో ఎటు పోవలెనో ముందుగనే నేర్పియుండవలెను.

మరియొక జాగ్రత్త కలదు. ఊరకే మ్రోగు గంట, మ్రోగని గంటవలెనే అపాయకరము. ‘పులి వచ్చె’నని మాటిమాటికి బొంకిన గొల్లపిల్లవాని కథ యెఱుగనివా రుండరు. చిన్న కారణమునకెల్ల గంట మ్రోగుచున్నచో పనివారు విసిగి దానిని కట్టివేయుదురు. నిజముగా పులి వచ్చిన రాత్రి ఎవ్వరును లేవరు. కావున గంటలు కొద్దిగా నుండవలెను. మ్రోగిన గంట కెల్ల సమాధానము చెప్పువాడు ఒకడు నిర్ణీతుడై యుండవలెను.

నేడు యంత్రములు మిక్కిలి సూక్ష్మములైనవి. మైళ్ళదూరమున కూర్చుండి ట్యాంకులోని మట్టమును తెరమీద చూడవచ్చును. ఇవి యన్నియు మేలైనవే. వీనిని నిందించుట అవివేకము. కాని యంత్రము నీరటికి కన్నులనిచ్చెను గాని, నీరటి పదవిని తీసివేయలేదు. తెరమీద అంకెను చూచువాడు, ఆ యంకె వెనుక నిజముగా నిండుచున్న ట్యాంకును మనస్సులో చూడగలిగియుండవలెను. ఆ ట్యాంకు వెనుక నిదురించుచున్న గ్రామమును కూడ చూడగలిగియుండవలెను.

ఈ పాఠము చదువు బాలబాలికలలో కొందరు రేపు ఇంజనీర్లగుదురు. కొందరు కర్మాగారములలో పనివారగుదురు. కొందరు అధికారులై వానిని తనిఖీ చేయుదురు. అనంతగిరి సీమలో వానకాలపు రాత్రి గొంగడి కప్పుకొని కట్టమీద నడచిన ఆ పేరు తెలియని నీరటిని వారు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. అతడు విద్య నెఱుగడు. కాని తాను నిదురించినచో ఊరు నిదురలేవదని యెఱుగును. అలుగు లేని చెరువులకు ఆ యెఱుకయే అలుగు.

ప్రశ్నలు

1. చెరువునకు గల మూడు ముఖ్యాంగము లేవి? అలుగు చేయు పని యేమి?
2. పెట్రోలు ట్యాంకునకు అలుగు పెట్టుటకు ఏల వీలులేదు?
3. ట్యాంకులోని ద్రవమట్టమును కొలుచు నాలుగు పద్ధతులను వివరింపుడు. ఒక్కొక్కదానియందలి గుణదోషములను తెలుపుడు.
4. నిమిషమునకు 10 వేల లీటర్లు వచ్చు ట్యాంకునందు, కవాటమును మూయుటకు 12 నిమిషములు పట్టినచో, గంట మ్రోగునప్పటికి కనీస మెంత చోటు మిగిలి యుండవలెను?
5. ‘ఒకే కంటికి రెండు పేర్లు పెట్టినంత మాత్రమున రెండు కన్నులు కాజాలవు.’ ఈ వాక్యమును బన్స్‌ఫీల్డు ప్రమాదముతో సమన్వయింపుడు.
6. విశాఖపట్టణపు ట్యాంకులోని ఉష్ణమాపకము అబద్ధమాడకున్నను ప్రమాద మేల సంభవించెను?
7. మీ గ్రామమునందలి చెరువును గాని, జలాశయమును గాని చూచి, దాని మట్టమును ఎవరు, ఎట్లు కొలుచుచున్నారో తెలిసికొని పది వాక్యములు వ్రాయుడు.